పాస్టరుగారు పుస్తకం పట్టుకొస్తారెందుకు?

డబ్లిన్‌లో టారా స్ట్రీట్ స్టేషన్ పక్కనే పూల్‌బెగ్ స్ట్రీట్ అని ఒక చిన్న వీధి ఉంది. లిఫీ నది గట్టున డాక్‌ల్యాండ్స్ మొదలయ్యే చోటుకు అది కూతవేటు దూరం. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ వీధిలో లూథరన్ చర్చి ఉండేది. 1697లో ఎస్ద్రాస్ మార్కస్ లిక్టెన్‌స్టైన్ అనే పాస్టరు ఈ నగరంలో కూర్చిన సంఘానిది ఆ చర్చి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ సంఘం చెదిరిపోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1955లో మళ్ళీ నిలబడింది. ఇప్పుడు అడెలెయిడ్ రోడ్డులోని సెయింట్ ఫినియన్స్ చర్చిలో జర్మన్‌లోనూ ఇంగ్లిషులోనూ ఆరాధనలు జరుగుతున్నాయి. గ్రాండ్ కెనాల్ డాక్ దగ్గర అద్దాల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కాలువ గట్టు పట్టుకుని నడిచిపోగల దూరమే.

ఆ ఆఫీసుల్లో తెలుగువాళ్ళున్నారు. తెలుగువాళ్ళలో లూథరన్ ఇళ్ళలో పుట్టినవాళ్ళంటే చాలావరకు రెండు వైపుల నుంచి వచ్చినవాళ్ళు. గుంటూరు, రాజమండ్రి వైపువాళ్ళది ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, అంటే ఏ.ఇ.ఎల్.సి. 1842 జులై 31న ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు చేరడంతో దానికి బీజం పడింది, 1927లో అది స్వతంత్ర సంఘమైంది. గూడూరు, నెల్లూరు, తిరుపతి వైపువాళ్ళది హెర్మన్స్‌బర్గ్ మిషన్ నాటిన దక్షిణాంధ్ర లూథరన్ సంఘం. ఈ ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఆరాధన క్రమం నోటికి వచ్చు. పాపపు ఒప్పుకోలు ఎక్కడ, విశ్వాస ప్రమాణం ఎక్కడ, మోకాళ్ళూనేది ఎప్పుడు అని ఎవరూ చెప్పనక్కర్లేదు. పరాయి దేశం వచ్చాక మాత్రం చాలామంది ఎవరో ఒకరి ఇంట్లో జరిగే తెలుగు ప్రార్థన కూడికలో చేరిపోతారు. అక్కడ గిటారు ఉంటుంది, బిర్యానీ ఉంటుంది, సొంత మాటలతో ప్రార్థన ఉంటుంది. పుస్తకం ఉండదు. దానివల్ల వచ్చిన ముప్పేమీ లేదు, కష్టం రానంతవరకు.

కష్టం వచ్చిననాడే పుస్తకం సంగతి గుర్తొస్తుంది. ఆసుపత్రి మంచం పక్కకు లూథరన్ పాస్టరు వస్తే చేతిలో బైబిలుతో పాటు ఇంకో చిన్న పుస్తకం ఉంటుంది. పేజీ తీసి, రాసి ఉన్న ప్రార్థన చదువుతారు. చూసేవాళ్ళకు ఇది కాస్త ముక్తసరిగా అనిపించవచ్చు. “హృదయంలోంచి ప్రార్థించలేరా ఈయన?” అని గొణిగే బంధువు ప్రతి కుటుంబంలోనూ ఒకాయన ఉంటాడు. ఆయన ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. జవాబు చెప్పాలంటే ఆ మంచం పక్కన అసలేం జరుగుతుందో ముందు చూడాలి.

పాస్టరు వచ్చీ రాగానే చదవడం మొదలుపెట్టరు, పెట్టకూడదు కూడా. ముందు కూర్చుని వింటారు. నొప్పి ఎక్కడ, నిద్ర పడుతోందా, భయం దేని గురించి, మనసులో ఇంకేమైనా ఉందా. ఈ వినే పనిని ఇరవయ్యో శతాబ్దం ఒక చదువుగా మార్చింది. 1925లో అమెరికాలో ఆంటన్ బోయిసన్ అనే చాప్లిన్ మానసిక వైద్యశాలలో దైవశాస్త్ర విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టాక, రోగి మాట వినడం నేర్చుకోవలసిన పని అని చర్చిలు ఒప్పుకున్నాయి. లూథరన్లూ ఆ శిక్షణ తీసుకున్నారు. అయితే వినడంతో పని పూర్తయిందని వాళ్ళు అనుకోరు. విన్న తర్వాత ఒప్పుకోలు, క్షమాపణ, వినిపించిన బాధకు తగిన వాక్యభాగం, ప్రార్థన, ప్రభువు ప్రార్థన, వీలైతే రొట్టె ద్రాక్షారసాలు, చివర తలమీద చెయ్యి ఉంచి ఆశీర్వచనం. రోగి అలసిపోయి ఉంటే ఇందులో రెండే జరగవచ్చు. అయిదు నిమిషాల్లో ముగియవచ్చు. క్రమం అనగానే పొడుగ్గా ఉంటుందనుకుంటాం కానీ, ఆసుపత్రిలో అరగంట సొంత ప్రార్థన చేసి రోగిని నీరసపెట్టేవాళ్ళతో పోలిస్తే పుస్తకం చాలా దయగలది.

లూథరన్ ఆలోచనలో దీని వెనక ఉన్న కారణం ఒక్కటే. కుంగిపోయిన మనిషి తన లోపలికి చూసుకుంటే అక్కడ విశ్వాసం కనిపించదు, భయమే కనిపిస్తుంది. “నాకు నమ్మకం ఉందా, చాలినంత ఉందా” అని తడుముకునేకొద్దీ ఇంకా దిగిపోతాడు. కాబట్టి ఆదరణ బయటి నుంచి రావాలి. ఇంకొకరి నోటితో, చెవికి వినబడేలా, చేతికి తగిలేలా రావాలి. పాస్టరు ఆ రోజు ఎంత ఉత్సాహంగా ఉన్నారు, రోగి ఎంత గట్టిగా నమ్ముతున్నాడు అన్నదాని మీద అది ఆధారపడదు. రాసిపెట్టిన మాటకున్న బలం ఇదే. ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలతో రాత్రంతా నిద్ర లేక వచ్చిన పాస్టరు నోటి నుంచి వచ్చినా అదే మాట, అదే వాగ్దానం.

లూథర్ స్వయంగా ఇచ్చిన సలహా ఒకటి ఇక్కడ చెప్పుకోదగ్గది. 1545 జూన్‌లో, అంటే చనిపోవడానికి ఎనిమిది నెలల ముందు, బెల్గెర్న్ అనే ఊరి పాస్టరు సెవెరిన్ షుల్జ్‌కు ఆయన ఒక ఉత్తరం రాశాడు. ఆ ఊళ్ళో ఒకాయన తీవ్రమైన దిగులుతో మనిషి కాకుండా పోతున్నాడు, వైద్యులకు అంతుబట్టలేదు. లూథర్ ఉత్తరంలో ఉపదేశం కన్నా పద్ధతి ఎక్కువ. డీకనునూ ఇద్దరు ముగ్గురు మంచి మనుషులనూ వెంటబెట్టుకుని వెళ్ళు. సంఘకాపరి అనే అధికారంతో వెళుతున్నానన్న ధైర్యంతో అతని మీద చేతులుంచు. సమాధానం కలగాలని పలకరించు. విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన స్పష్టంగా పలుకు. తర్వాత, అడిగితే ఇస్తానన్న క్రీస్తు మాటను ఆయనకే గుర్తుచేస్తూ ఒక ప్రార్థన చెయ్యి. ఇలా మూడు రోజులు వరసగా. ఆదివారం చర్చిలోనూ అతని కోసం అందరూ ప్రార్థించాలి.

ఆ రోగం సైతాను పని అని లూథర్ నమ్మాడు. ఈ కాలంలో ఆ నిర్ధారణతో మనం ఏకీభవించనక్కర్లేదు, డాక్టరు దగ్గరికి పంపడం మానకూడదు. కానీ ఆయన పద్ధతిలోని ఒక్కో భాగమూ నేటికీ పనికొస్తుంది. ఒంటరిగా వెళ్ళొద్దన్నాడు, దిగులు మనిషిని ఒంటరి చేస్తుంది కనుక. ముట్టుకోమన్నాడు. రోగికి చిన్నప్పటి నుంచి తెలిసిన మాటలే పలకమన్నాడు. ఒక్కసారి వెళ్ళి వదిలేయకుండా మూడు రోజులు రమ్మన్నాడు. రోగిని మాత్రం ఏమీ చెయ్యమనలేదు. గట్టిగా నమ్ము, గట్టిగా ప్రార్థించు అని అతని నెత్తిన భారం పెట్టలేదు. మన స్వస్థత కూటాల్లో తరచూ జరిగేది దీనికి తలకిందులు. జబ్బు తగ్గకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. జబ్బు చేసినవాణ్ణి అంతకన్నా క్రూరంగా శిక్షించే పద్ధతి నాకు తెలియదు.

ఒప్పుకోలు గురించి తెలుగు లూథరన్లకు ఒక అపోహ ఉంది. పాస్టరు దగ్గర ఏకాంతంగా పాపాలు చెప్పుకోవడం రోమన్ కాథలిక్కుల ఆచారమని, మనకది లేదని అనుకుంటారు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పదకొండో అధికరణం దాన్ని చర్చిల్లో ఉంచుకోవాలని స్పష్టంగా చెప్పింది. ప్రతి పాపాన్నీ లెక్కపెట్టి చెప్పే నిర్బంధాన్ని మాత్రం తీసేసింది. లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో ఒప్పుకోలుకు ఒక చిన్న క్రమం కూడా ఉంది. మన ఊళ్ళలో ఆదివారం అందరూ కలిసి చదివే సామూహిక ఒప్పుకోలు మిగిలింది, ఏకాంతంగా చేసేది మరుగున పడింది. ఊరు చిన్నది, పాస్టరుగారు పక్కింటాయన, ఆయన భార్య మన పిన్ని స్నేహితురాలు. ఎవరు నోరు విప్పుతారు?

డబ్లిన్‌లో ఆ ఇబ్బంది లేదు. చెప్పుకోవలసినవీ ఇక్కడ వేరేగా ఉంటాయి. అమ్మ ఐసీయూలో ఉందని తెలిసీ సెలవు అడగడానికి జంకినవాడుంటాడు. ఉద్యోగం పోయిన సంగతి ఇంటికి చెప్పకుండా రోజూ ల్యాప్‌టాప్ పట్టుకుని బయటికెళ్ళేవాడుంటాడు. నాన్నకు నెలనెలా డబ్బు పంపుతూనే, ఫోనులో ఆయన గొంతు వినడానికి విసుక్కున్నానని తర్వాత కుమిలిపోయేవాళ్ళుంటారు. ఇలాంటివాటిని స్నేహితుడికి చెబితే “నీ తప్పేముంది రా, ఊరుకో” అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ తప్పు ఉందని తెలిసిన మనిషికి ఆ మాట అంటదు. లూథరన్ క్రమంలో పాస్టరు తప్పును చిన్నది చెయ్యరు. విని, నేనిచ్చే క్షమాపణ దేవుని క్షమాపణేనని నమ్ముతున్నావా అని అడుగుతారు. అవునంటే, నీ పాపాలు క్షమించబడ్డాయి అని ప్రకటిస్తారు. అది సలహా కాదు, తీర్పు. అక్కడ విన్నది పాస్టరు మళ్ళీ ఎక్కడా, చెప్పుకున్నవారితో కూడా, తనంతట తాను ఎత్తరు. ఈ రహస్యాన్ని కాపాడే పూచీ పాస్టరు అభిషేకంతోపాటే వస్తుంది. మన సంఘాలు తిరిగి తెచ్చుకోవలసిన వాటిలో ఇది మొదటిదని నా అభిప్రాయం.

ఇక వాక్యం. ఏది చదవాలన్నది ఎలా చదవాలన్నంత ముఖ్యం. దుఃఖంలో ఉన్నవాళ్ళకు సమస్తమూ మేలుకే అనే రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయపు వచనాన్ని అప్పగించేసి లేచిపోవడం మనవాళ్ళకు అలవాటు. వచనం నిజమే, వేళ తప్పు. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాకే చెడింది. అనుభవం ఉన్న పాస్టరు ముందు కీర్తనల గ్రంథం తెరుస్తారు. 23వ కీర్తన అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది 88వ కీర్తన. మొర మీద మొరగా సాగి, ఎలాంటి ఊరటా లేకుండా చీకటి అనే మాటతో ఆగిపోతుంది. అలాంటి ప్రార్థన బైబిల్లో ఉందని తెలియడమే కొందరికి పెద్ద ఊరట. దేవుడి మీద కోపం వచ్చినందుకు సిగ్గుపడుతున్న మనిషికి, ఆ కోపాన్ని దేవుడి ముందే పెట్టే మాటలు దొరుకుతాయి.

లూథరన్లు వాక్యాన్ని ధర్మశాస్త్రం, సువార్త అని రెండుగా చూస్తారు. ఒకటి తప్పును ఎత్తి చూపుతుంది, రెండోది క్షమను చేతికిస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్నాయని విర్రవీగేవాడికి మొదటిది కావాలి, విరిగినవాడికి రెండోది కావాలి. పాస్టరు నైపుణ్యమంతా ఎదుటివాడు ఎవరో పోల్చుకోవడంలో ఉంది. పైకి నవ్వుతూ ఉన్నవాడు విరిగినవాడు కావచ్చు. వినకుండా చదవకూడదని అందుకే అన్నాను.

వాక్యాన్ని ఒక వరసలో పేర్చి ఊరుకుంటే దానంతట అదే ఎంత చెప్పగలదో డబ్లిన్‌కు పాత అనుభవం ఉంది. లూథరన్‌గా పుట్టి పెరిగిన హాండెల్ తన ‘మెస్సయ’ను తొలిసారి 1742 ఏప్రిల్ 13న ఈ నగరంలోనే, ఫిషాంబుల్ స్ట్రీట్‌లో వినిపించాడు. సాహిత్యమంతా బైబిలు మాటలే. మొదలయ్యేది యెషయా గ్రంథంలోని ఆదరణ అధ్యాయంతో. వచ్చిన డబ్బు రెండు ఆసుపత్రులకూ, అప్పుల కింద జైలుపాలైనవాళ్ళను విడిపించడానికీ ఇచ్చారు.

డాక్‌ల్యాండ్స్ నుంచి కొద్దిపాటి నడక దూరంలో హాలిస్ స్ట్రీట్‌లో జాతీయ ప్రసూతి ఆసుపత్రి ఉంది. 1894లో మొదలైంది. ఇక్కడ కాపురం పెట్టిన ఎన్నో తెలుగు కుటుంబాలకు సంతోషపు చిరునామా అది. కొందరికి కాదు. గర్భం నిలవకపోయినా, బిడ్డ పుట్టీ దక్కకపోయినా క్రైస్తవ తల్లిని రెండో బాధ పట్టుకుంటుంది. బాప్తిస్మం ఇవ్వకుండానే పోయిందే, ఏమైపోయిందో అని. 1542లో లూథర్ సరిగ్గా ఈ తల్లుల కోసమే ఒక చిన్న రచన చేశాడు. అందులో మొదట చెప్పింది, తల్లిని నిందించకూడదని. జాగ్రత్త పడలేదనో, దేవుడు శిక్షించాడనో ఎవరూ అనకూడదు. రెండోది, బిడ్డను దేవునికి అప్పగించాలని ఆమె మనసులో ఉన్న ఆశ, మాటలు కూడా రాని నిట్టూర్పు దేవుని ఎదుట నిజమైన ప్రార్థన. ఆత్మ ఉచ్చరించలేని మూలుగులతో విజ్ఞాపన చేస్తాడన్న పౌలు మాటను ఆధారం చేసుకున్నాడు. కాబట్టి ఆ బిడ్డ గురించి భయపడొద్దు. మన ఇళ్ళలో ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు “ఇంకోడు పుడతాడులే అమ్మా” అనేస్తారు. అయిదొందల ఏళ్ళ కిందటి మగవాడు వాళ్ళకన్నా మెరుగ్గా మాట్లాడాడు.

బిడ్డ బతికి ఉండి ప్రమాదంలో ఉంటే పాస్టరు కోసం ఆగనక్కర్లేదని కూడా తెలిసి ఉండాలి. లూథరన్ ఆచారంలో అత్యవసరమైతే ఏ క్రైస్తవుడైనా, తండ్రైనా, నర్సైనా, నీళ్ళు పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం ఇవ్వవచ్చు. అది పూర్తి బాప్తిస్మమే, మళ్ళీ ఇవ్వరు. బిడ్డ కోలుకుంటే తర్వాత సంఘం ముందు దాన్ని ప్రకటించి, ప్రార్థిస్తారు.

చావు కబురు ఇక్కడికి వచ్చే తీరు వేరు. ఎండాకాలం నాలుగున్నర గంటలు, చలికాలం అయిదున్నర గంటలు మనకంటే ఐర్లండ్ వెనక ఉంటుంది. గుంటూరులో తెల్లవారుజామున ప్రాణం పోతే ఇక్కడ అర్ధరాత్రి ఫోను మోగుతుంది. హైదరాబాదుకు నేరుగా విమానం లేదు. ఊళ్ళో భూస్థాపన ఆ సాయంత్రమో మర్నాడో అయిపోతుంది. కొడుకు ఫ్లాట్‌లో కూర్చుని ఫోను తెర మీద తండ్రి పెట్టెను చూస్తాడు, నెట్ ఆగి ఆగి వస్తుంటుంది. అలాంటి ఇంటికి వెళ్ళిన పాస్టరు ఏం చెయ్యాలి? ఆ కార్యక్రమాన్నే అక్కడా నడిపించడం మంచిది. గుంటూరు అయ్యగారు చదువుతున్న కీర్తననే ఇక్కడా చదవాలి, విశ్వాస ప్రమాణాన్ని వాళ్ళతో కలిసి పలకాలి, సమాధి దగ్గరి మాటలు వినబడేటప్పుడు అందరూ లేచి నిలబడాలి. రాసిన క్రమం ఒకటే కనుక ఇది సాధ్యమవుతుంది. సొంత మాటల ప్రార్థన రెండు ఖండాల్లో ఒకేసారి ఒకే మాటగా పలకడం కుదరదు. ఐరిష్‌వాళ్ళకు శవాన్ని ఇంట్లో ఉంచి ఊరంతా వచ్చి పలకరించే సంప్రదాయం ఇంకా ఉంది. కాబట్టి పక్క ఫ్లాట్ వాళ్ళను పిలిస్తే వింతగా చూడరు, టీ కాచి తెస్తారు.

చావుకు ముందు చెయ్యగలిగింది కూడా ఉంది. మరణశయ్య మీద ఉన్నవారిని దేవునికి అప్పగించే చిన్న క్రమం లూథరన్ పుస్తకాల్లో ఉంటుంది. బాప్తిస్మాన్ని గుర్తుచేసి, నుదుట సిలువ గుర్తు వేసి, సుమెయోను వృద్ధాప్యంలో పాడిన పాటను చదువుతారు. నూనెతో అభిషేకించడం కూడా కొన్ని సంఘాల్లో ఉంది. కాథలిక్కులు దాన్ని సంస్కారంగా లెక్కిస్తారు, లూథరన్లు లెక్కించరు. యాకోబు పత్రిక చెప్పిన ప్రార్థనలో భాగంగా చూస్తారు. ఆసుపత్రిలో నర్సు వచ్చి అభిషేకం కావాలా అని అడిగితే కంగారుపడాల్సిన పనిలేదు, మన పాస్టరును పిలుస్తారా అని అడగొచ్చు.

ఇప్పుడు ఆ గొణిగిన బంధువు దగ్గరికి వద్దాం. సొంత మాటల ప్రార్థనను లూథర్ వద్దనలేదు. 1535లో తన మంగలి పీటర్ ఎలా ప్రార్థించాలని అడిగితే ఆయన కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు ముందు పెట్టుకో. ఒక్కో ఆజ్ఞ నుంచి ఏం నేర్చుకోవాలి, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి అని నాలుగు పోగులుగా అల్లుకో. మధ్యలో నీ మనసుకు మాటలు పొంగుకొస్తే పుస్తకం పక్కన పెట్టి వాటి వెంట వెళ్ళు. గడ్డం గీసేటప్పుడు కత్తి మీద ఉన్నంత ధ్యాస ప్రార్థన మీదా ఉండాలని మంగలికి అర్థమయ్యేలా చెప్పాడు. ఆ పీటరే అదే ఏడు తాగిన మైకంలో అల్లుణ్ణి పొడిచి చంపి దేశబహిష్కారం పొందాడు. మంచి ప్రార్థన పుస్తకం చేతిలో ఉన్నంతమాత్రాన మనిషి మారిపోడన్నది కూడా ఆ కథలో ఉంది.

పుస్తకం వైపు ఉన్న తప్పును దాచనక్కర్లేదు. బ్యాంకు ఫారం నింపినట్టు గబగబా చదివే పాస్టర్లున్నారు. రోగి పేరు పలకాల్సిన చోట ఖాళీ గీతను దాటేసేవాళ్ళున్నారు. దాన్ని క్రమం మీదికి నెట్టడం సరికాదు, అది చదివేవాడి బద్ధకం.

మందుకూ ప్రార్థనకూ పోటీ పెట్టడమూ తప్పే. తెలుగు లూథరన్లకు ఈ మాట కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కూగ్లర్ పేరున్న ఆసుపత్రిలో రెండూ ఒకే ప్రాంగణంలో నడిచాయి. చావాలనిపిస్తోందని ఎవరైనా చెబితే పాస్టరు చేతులుంచి ప్రార్థించాలి, డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళాలి. ఐర్లండ్‌లో సమారిటన్స్ నంబరు 116 123 రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది.

పాస్టరు దగ్గర లేనప్పుడు? 1537 నాటి ష్మాల్‌కాల్డ్ అధికరణాల్లో లూథర్ సువార్త మనకు అందే దారులను చెబుతూ, ప్రసంగం, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, క్షమాపణ ప్రకటన తర్వాత, సహోదరులు ఒకరినొకరు మాట్లాడుకుని ఆదరించుకోవడాన్నీ చేర్చాడు. ప్రభురాత్రి భోజనం ఇవ్వడం పాస్టరు పని. మిగతాది ఈస్ట్ వాల్‌లోనో రింగ్స్‌ఎండ్‌లోనో ఫ్లాట్ పంచుకునే ఇద్దరు స్నేహితులు చెయ్యగలరు. కీర్తన చదవడం, ప్రభువు ప్రార్థన కలిసి చెప్పడం, తల మీద చెయ్యి ఉంచడం.

ఒక పని మాత్రం ముందే చేసిపెట్టుకోవాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు మతం అడుగుతారు. ‘క్రిస్టియన్’ అని మాత్రమే రాస్తే, మీకు ఎవరిని పిలవాలో ఆసుపత్రి చాప్లిన్‌కు అర్థం కాకపోవచ్చు. లూథరన్ అని స్పష్టంగా రాయండి. పాస్టరు ఫోను నంబరు ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. మత్తుమందు ఇవ్వకముందే, వెంటిలేటరు పెట్టకముందే పిలవండి, అప్పుడైతే రోగి స్వయంగా ఆమేన్ అనగలుగుతారు.